నూట పద్దెనిమిదో పేజీ

మా స్క్వాడ్రన్ ఒక్క యుద్ధం కూడా చేయలేదు. ఈ మాటంటే మా పాత ఆఫీసర్లకు మండుతుంది గానీ నిజం అదే. మాది శిక్షణ స్క్వాడ్రన్. పొద్దున్నే కుర్రాళ్ళను విమానం ఎక్కించడం, గాలిలో తిప్పడం, దించడం, మళ్ళీ ఎక్కించడం. సాయంత్రం అరిగిన టైర్లు మార్చడం. యాభై ఏళ్ళ చరిత్ర అంటే ఒకే రోజు యాభై ఏళ్ళపాటు జరగడమే. అయినా దానికొక పుస్తకం వేశారు. నున్నటి కాగితం, రెండు వందల నలభై పేజీలు, అట్ట మీద బంగారు రంగు ముద్ర. మెస్ తోటలోని చెట్ల గురించి మూడు పేజీలు రాశారు. నేల మీద పనిచేసిన మా గురించి ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీలోనే మా భీము పరువు రెండోసారి తీశారు.

నా పేరు ప్రభాకర్. పుట్టింది రేగుంట, ఇప్పుడు ఉండేది సిరొంచలో. మా తాత, నాయన పరాయి పొలాల్లో కూలి చేసినవాళ్ళు. మా ఇంట్లో మొదటి సర్కారు నౌకరీ నాదే. వైమానిక దళంలో విమానాల మరమ్మతు పని, ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. నాగపూర్ భర్తీలో నాతోపాటే ఎంపికైనవాడు భీము, జిమల్‌గట్ట గోండు కుటుంబం వాడు. ఇద్దరం ఒకే రైల్లో పోయాం. బ్యారక్‌లో పక్కపక్క మంచాలు, చివరికి ఒకే స్క్వాడ్రన్. అక్కడ తెలంగాణ సరిహద్దులోని మా గడ్చిరోలి జిల్లా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే మహారాష్ట్రవాళ్ళకు తెలుగేమిటని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అని భీము ఇంకా గట్టిగా మాట్లాడేవాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఆగి ఉన్న విమానానికి ఎర్ర రిబ్బన్లు కట్టిన పిన్నులు, తొడుగులు పెడతారు. వాటిలో ఒకటి రెక్క కింద ఉండే సన్నటి గొట్టానికి తొడిగే గుడ్డ. ఆ గొట్టంలోకి గాలి పోతేనే పైలట్‌కు వేగం తెలుస్తుంది. తొడుగు తీయకపోతే ముల్లు సున్నా దగ్గరే నిలిచిపోతుంది. అందుకే బయలుదేరే ముందు మేం అవన్నీ తీసి, విమానానికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్కటీ పైకెత్తి చూపించాలి. పైలట్ వేళ్ళతో లెక్కపెట్టి బొటనవేలు ఎత్తాలి. చూపించకుండా మేం పక్కకు జరగకూడదు, లెక్కపెట్టకుండా పైలట్ బ్రేకు వదలకూడదు. ఈ పనిలో భీమును మించినవాడు లేడు. హారతి చూపినట్టు చూపిస్తాడని అందరం ఏడిపించేవాళ్ళం. విమానం నేర్చుకునే కేడెట్ చూపు పక్కకు పోయిందా, వాడు కదిలేవాడు కాదు. "సూడు సార్, మంచిగ సూడు!" అని తెలుగులోనే అరిచేవాడు, ఇంజన్ హోరులో ఎవరికి వినబడుతుందిలే అని.

తొంభై రెండు, మే నెల. ఒక కేడెట్ మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు. అలాంటప్పుడు నేర్పిన ఆఫీసర్ దగ్గరుండి పంపాలని నియమం. ఆ ఆఫీసర్ విలాస్ సార్, మన మహారాష్ట్ర మనిషే. బయలుదేరబోతుండగా దుమ్ము లేచింది. ఇంజన్ ఆపించి, తొడుగులు మళ్ళీ వేయమని చెప్పి ఆయన చాయ్ తాగడానికి లోపలికి పోయాడు. పది నిమిషాల్లో గాలి తగ్గింది. కుర్రాడికి ఆత్రం ఆగలేదు. ఆఫీసర్ రాకముందే ఎక్కి కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు, చక్రాల కింది చెక్కలు తీయమని భీముకు సైగ చేశాడు. భీము చెక్కలు లాగి, తొడుగు తీయడానికి రెక్క చుట్టూ తిరిగి వచ్చేలోపే విమానం కదిలిపోయింది. భీము ఏమీ చూపించలేదు, వాడు ఏమీ లెక్కపెట్టలేదు. భీము రెండు చేతులూ ఊపుతూ, ఆగమని అరుస్తూ వెంట పరుగెత్తాడు. నేను నలభై అడుగుల దూరంలో ఇంకో విమానం చక్రం దగ్గర కూర్చుని ఉన్నాను. అంతా చూశాను. భీము నన్ను చూడలేదు.

వేగం తెలియక ఆ కేడెట్ విమానాన్ని నేలకేసి కొట్టినట్టు దించాడు. ముందు చక్రం విరిగింది, రెక్క నేలకు రాసుకుపోయింది, వాడి భుజం ఎముక విరిగింది. బతికాడు. తొడుగు గొట్టానికే ఉంది. గ్రౌండ్ మనిషి అన్నీ చూపించి పొమ్మన్నాడని వాడు ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పాడు.

ఆ సాయంత్రం విలాస్ సార్ నన్ను పిలిచాడు. మరాఠీలో, సొంత తమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. నిజం బయటికొస్తే ఒక కుర్రాడి భవిష్యత్తు పోతుంది, దగ్గర లేనందుకు తన ఉద్యోగమూ పోతుంది. భీమే పొమ్మని సైగ చేశాడని నేను రాసిస్తే భీముకు ఒక మందలింపు, అంతకు మించి ఏమీ కాదు. "శబ్ద్ దేతో, ప్రభాకర్," అన్నాడు. మాట ఇస్తున్నానని. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒక ఆఫీసర్ నా భుజం మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. భయం కూడా వేసింది, దాచను. ఈ నౌకరీ పోతే మళ్ళీ రేగుంటలో ఎవరి పొలానికి పోవాలి అనుకున్నాను. నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాను. మందలింపు కాదు, భీమును నౌకరీలోంచే తీసేశారు. సాక్షి ఎవరో వాడికి చెప్పనే లేదు.

పెట్టె సర్దుకుంటూ వాడు నన్ను అడిగాడు.

"నువ్వు జర్రంతన్న సూసినవా ప్రభాకర్?"

"లేదురా. నేను హ్యాంగర్ల ఉంటి," అన్నాను.

వాడు నమ్మాడు.

ఊళ్ళో వాడికి 'ఇమానం కూలగొట్టినోడు' అని పేరు పడింది. మొదట్లో వేళాకోళం, తర్వాత అదే పేరు. వాళ్ళ నాయన ఆ మాట తట్టుకోలేక సంతకు పోవడం మానేశాడు, కొడుకు తప్పు చేశాడనే నమ్మి పోయాడు. భీము పొలం దున్నుకున్నాడు, అడవిలో ఇప్పపువ్వు ఏరుకున్నాడు, జంగుబాయిని పెళ్ళి చేసుకున్నాడు, ఒక్కగానొక్క బిడ్డ అంజలిని నర్సు చదివించాడు. నేను సెలవు మీద వచ్చిన ప్రతిసారీ వాళ్ళింటికి పోయాను, తిన్నాను, పడుకున్నాను. నాకు ప్రమోషన్ వచ్చిందంటే వాడు పొంగిపోయేవాడు. మనలో ఒక్కడన్నా నిలబడ్డాడు అనేవాడు. ఆ మాటకు నేను తల ఊపేవాణ్ణి. ఎంత తేలికగా ఊపేవాణ్ణో ఇప్పుడు తెలుస్తోంది.

రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం విలాస్ సార్ ఆష్టి మీదుగా కారులో మా ఇంటికి వచ్చాడు. గ్రూప్ కెప్టెన్ హోదాలో రిటైరయ్యాడట. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. మా ఆవిడ రాజక్క నాటుకోడి వండింది. ఆయన రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. స్క్వాడ్రన్ చరిత్ర రాసే పని తనకు అప్పగించారని, ఇక ఆ బరువు మోయలేనని, ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తానని చెప్పాడు. అప్పటి కేడెట్ కూడా నౌకరీ వదిలేశాడు, ఎవరికీ నష్టం లేదన్నాడు.

నేను ఏడ్చాను. ఫోనులో రికార్డు చేసుకోండి సార్ అని రెండు గంటలు చెప్పాను. దుమ్ము, చెక్కలు, భీము పరుగు, అన్నీ. ఒక్కటే కోరాను. నా నాలుగు లైన్ల కాగితం సంగతి ఎత్తవద్దు, భీము తప్పు లేదని రాస్తే చాలు అన్నాను. ఆయన మళ్ళీ నా భుజం మీద చెయ్యి వేశాడు. మళ్ళీ అదే మాట, "శబ్ద్ దేతో." ఆ మాటను నమ్మి ఒకసారి మునిగినవాణ్ణి, రెండోసారి కూడా నమ్మాను. నమ్మితే భీము పేరు బాగుపడుతుంది, నా పేరు చెడదు. అంత చవకైన బేరం దొరికితే ఎవడు వదులుకుంటాడు?

ఆయనకు భీము ఫోటో కావాలి. నేనే జిమల్‌గట్ట పోయాను. విమానం ఎదుట రిబ్బన్లు పైకెత్తి పట్టుకున్న ఫోటో, ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే. గోడ మీద నుంచి తీసి ఇవ్వడానికి జంగుబాయికి చేతులు రాలేదు.

"ఇంకోటి లేదు అన్న. పోతే ఎట్ల?"

"పోదమ్మా. పుస్తకంల అచ్చయితది. భీము తప్పు లేదని రాస్తరు. ఇగ ఎవ్వడు ఏమనడు."

భీము పెరట్లోకి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. అప్పటి నుంచి పది రోజులకొకసారి ఫోను చేసేవాడు. "పుస్తకం ఏడిదాక వచ్చింది?" అని. యాభై ఆరేళ్ళ మనిషి, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లాడిలా అడిగేవాడు.

పోయిన ఆగస్టులో పుస్తకం పోస్టులో వచ్చింది. కవరు చింపి నిలబడే వెతికాను. నూట పద్దెనిమిదో పేజీ. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: 'రికార్డుల ప్రకారం, గ్రౌండ్ సిబ్బందిలో ఒకడైన భీము తొడుగు తీయకుండానే విమానాన్ని పొమ్మని సైగ చేశాడు. అతని సొంత జిల్లావాడు, స్నేహితుడు అయిన కార్పొరల్ ప్రభాకర్ దీన్ని కళ్ళారా చూసి వాంగ్మూలం ఇచ్చాడు. స్నేహం కంటే కర్తవ్యాన్ని మిన్నగా ఎంచిన ఇలాంటివారు స్క్వాడ్రన్‌కు గర్వకారణం.' ఎదుటి పేజీ నిండా భీము ఫోటో. కింద పేరు కూడా లేదు, 'ఆనాటి గ్రౌండ్ సిబ్బంది' అని ఉంది.

వెంటనే విలాస్ సార్‌కు ఫోను చేశాను.

"నోటిమాట రికార్డు ముందు నిలబడదు ప్రభాకర్," అన్నాడు తాపీగా. "రికార్డులో ఉన్నది నీ సంతకం. నీ సంతకాన్ని కాదని నేనెట్లా రాస్తాను? పైగా నీ గురించి ఎంత గౌరవంగా రాశానో చూశావా?"

"దగ్గరుండి పంపాల్సిన ఆఫీసర్ ఎక్కడున్నాడో రాయలేదేం సార్?"

"అది రికార్డులో లేదు." ఆ వెంటనే, "స్వర్ణోత్సవానికి తప్పకుండా రా. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను," అన్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఫోను పెట్టేశాక.

రెండు రోజులు తిండి సయించలేదు. రాజక్కకు కూడా ఆ కాగితం సంగతి తెలియదు. విలాస్ సార్ మాట తప్పాడని మాత్రం చెప్పాను.

"మరి పోయి భీమన్నకు చెప్పు. ఆయన ఊకె ఫోన్ జేస్తుండు. పుస్తకం రాలేదని ఎన్ని దినాలు చెప్తవ్?" అంది.

చెప్పడం ఎట్లా? పుస్తకంలో ఏముందో చెబితే సాక్షి ఎవరో కూడా చెప్పాలి. ఆలోచించి ఆలోచించి నేనొక దారి కనిపెట్టాను. నౌకరీలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ భీము ఎప్పుడో మరిచిపోయాడు, జంగుబాయికి ఏ చదువూ రాదు. అంజలికి అహేరిలో డ్యూటీ, ఆదివారం తప్ప ఇంటికి రాదు. అందుకని పుస్తకం తెస్తున్నానని ఫోనులో చెప్పి మంగళవారం బస్సెక్కాను. ఫోటో చూపించి, పక్కనున్న పేజీని నాకు నచ్చినట్టు చదివితే సరి. వాడు సంతోషంగా ఉంటాడు, ఇంకేం కావాలి? ఇది కూడా మేలు చేయడమే అని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. ఆ గతుకుల రోడ్డు మీద దాన్ని నమ్మేశాను కూడా.

భీము ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. వసారాలో మంచం వాల్చారు. సన్నగా వాన పడుతోంది. పుస్తకాన్ని వాడు తువ్వాలుతో చేతులు తుడుచుకుని అందుకున్నాడు. ఫోటో దగ్గర ఆగిపోయాడు. జంగుబాయి దాని మీద వేలు పెట్టి చూసింది.

"సదువు," అన్నాడు భీము.

చదివాను. తప్పంతా కేడెట్ తొందరపాటుదని, భీము ఆగమని అరుస్తూ వెంట పరుగెత్తాడని, అతణ్ణి అన్యాయంగా తీసేశారని గాలిలో నుంచి తీసి చదివాను. జంగుబాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భీము నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకోపారి సదువు."

రెండోసారి ఇంకా బాగా చదివాను. నన్ను పొగిడిన వాక్యం తీసి వాడికి అంటించాను. ఇలాంటివారు స్క్వాడ్రన్‌కు గర్వకారణం అన్నాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

"నువ్వు చెప్పినందుకే గిట్ల రాసిండ్రా?"

"అవును."

"నీ మేలు మరువ ప్రభాకర్."

అప్పుడే వాకిట్లో స్కూటీ ఆగింది. అంజలి. టీకాల పని మీద ఆ వారం ఇక్కడికే వేశారట, అన్నానికి ఇంటికి వచ్చింది. "కాకా, ఎప్పుడొచ్చిండ్రు?" అంటూ రెయిన్‌కోటు విప్పి, పుస్తకం చూసి మొహం వెలిగిపోగా దగ్గరికి వచ్చింది.

"తడి చేతులమ్మా, పుస్తకం ఖరాబ్ అయితది. అన్నం తిని సూడు," అన్నాను.

తండ్రి ఫోటో ఎదురుగా తెరిచి ఉంటే ఏ బిడ్డ ఆగుతుంది? నిలబడే చదివింది. ఒకసారి నన్ను చూసి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని, తల్లికీ తండ్రికీ గోండిలో మెల్లగా, ఒక్కొక్క వాక్యమే చెప్పింది. నాకు గోండి సగమే తెలుసు. అయితే నా పేరు వినబడింది. నేను చదవకుండా దాటేసిన వాక్యమే అది. భీము నా చెయ్యి వదిలేశాడు.

విలాస్ సార్‌ను తిట్టడానికి నోరు తెరిచాను. మోసం చేశాడు భీమూ, మనిద్దరినీ మోసం చేశాడు అన్నాను. ఆ కోపం ఇద్దరం చెరి సగం పంచుకుంటామని ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. వాడు పంచుకోలేదు.

"ఆ పొద్దు నువ్వు హ్యాంగర్ల ఉన్ననంటివి గద," అన్నాడు.

నేను పుస్తకం మూశాను.

"నువ్వు సూడలే, అందుకే చెప్పలేదు అనుకున్న. సూస్తే ప్రభాకర్ చెప్పకుంట ఉంటడా అనుకున్న. ముప్పై రెండేండ్లు గదే అనుకుంట ఉన్న."

అంజలి లోపలికి పోయి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "రాయుండ్రి కాకా," అంది. గొంతు పెంచలేదు. మరాఠీలో రాయడం మొదలుపెట్టాను. విలాస్ సార్ నన్ను పిలిపించి, ఒత్తిడి చేసి అని రెండు లైన్లు రాశాను. ఆ పిల్ల వంగి చూసి ఆ రెండు లైన్లూ అడ్డంగా కొట్టేసింది.

"ఆయన ఏం చెప్పిండో కాదు. మీరు ఏం సూసిండ్రు, ఏం రాసిండ్రు, గది రాయుండ్రి."

రాశాను. భీము పొమ్మని సైగ చేయలేదు. ఆగమని చేతులు ఊపుతూ పరుగెత్తాడు. నేను చూశాను. చూసి అబద్ధం రాసి సంతకం పెట్టాను. కింద నా పేరు, సర్వీస్ నంబరు వేశాను. ఇంతకుముందు కాగితంలాగే ఇది కూడా నాలుగు లైన్లే అయింది. రాయడానికి పట్టింది ఐదు నిమిషాలు.

భీము కాగితం తీసుకుని పెదవులు కదుపుతూ చదివాడు. జాగ్రత్తగా మడత పెట్టాడు.

"ఇగ ఇది ఎవలకు సూపియ్యాలె?" అన్నాడు. "మా అయ్య పోయిండు. నన్ను సూసి సంతల అందరి ముంగట నవ్వినోళ్ళు పోయిండ్రు. నా పేరు ఇమానం కూలగొట్టినోడు అనే అనుకునే పోరలు మిగిలిండ్రు. గాళ్ళకు ఇమానం అంటేనే ఏందో తెల్వదు."

"మళ్ళ రాపిస్త భీమూ. పై ఆఫీసుకు పంపుత. నేనే పోత..."

"వద్దు." కాగితాన్ని నా జేబులో పెట్టాడు, చిన్నపిల్లాడికి పెట్టినట్టు, నలగకుండా. "నా తప్పు లేదని నాకు ఎప్పటికి ఎరుకే. ఎరుక లేనిది నీ సంగతొక్కటే."

ఆ మాట అని లేచాడు. తెల్ల చొక్కా విప్పి దండెం మీద వేసి, ఎడ్లను తోలుకురావడానికి వానలోకి పోయాడు.